తుంటి కీలు: ఒక అరుగుదల చరిత్ర

తొడ ఎముక గుండ్రని తల, కటి ఎముకలోని గిన్నెలో ఇమిడి తిరగడమే తుంటి కీలు. కొందరు శిశువుల్లో పుట్టుకతోనే ఆ గిన్నె లోతు చాలదు. పసితనంలో కనిపెట్టకపోతే, ఇరవై ముప్ఫై ఏళ్ళకే మృదులాస్థి అరిగి, అడుగు తీసి అడుగు వేయడమే కష్టమవుతుంది. ముసలితనపు జబ్బు యౌవనంలోనే వస్తే ఏం చేయాలి? వైద్యచరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా దొరికింది.

వియన్నా వైద్యుడు అడాల్ఫ్ లోరెంజ్ కత్తి పట్టకుండా చేతులతోనే కీలు సరిచేసేవాడు. 1902లో చికాగో ధనికుడు ఆర్మర్ కుమార్తెకు చికిత్స చేయడానికి అమెరికా వెళ్ళాడు. కానీ ఆ పద్ధతి చిన్నపిల్లలకే. పెద్దవారి కోసం 1923లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ ఎముక తలకు గాజు తొడుగు వేశాడు, గాజు పగిలింది. 1938లో లోహమిశ్రమానికి మారాడు.

అసలు మలుపు ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో వచ్చింది. జాన్ చార్న్లీ 1958 నుంచి లోహపు తలకు టెఫ్లాన్ గిన్నె జతచేశాడు. రోగులు హాయిగా నడిచారు. కొన్నేళ్ళకే టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. చార్న్లీ ఆ పదార్థాన్ని తన తొడలోనే పెట్టించుకుని ఫలితం పరీక్షించాడు. 1962 నవంబరులో పాలీఇథిలీన్ గిన్నెకు మారాడు. అది నిలిచింది.

అయినా యువకులకు ఈ శస్త్రచికిత్స చేయడానికి ఆయనే వెనుకాడాడు. కారణం స్పష్టమే. ముప్ఫై ఏళ్ళవారు ఎక్కువ నడుస్తారు, ఎక్కువ కాలం బతుకుతారు. ప్లాస్టిక్ పొడి క్రమంగా ఎముకను తినేస్తే కీలు వదులవుతుంది. మళ్ళీ మార్చిన ప్రతిసారీ మిగిలే ఎముక తగ్గుతుంది. పైగా పుట్టుకలోపం ఉన్నవారిలో కొత్త గిన్నెను కూర్చోబెట్టడానికి తగినంత ఎముకే ఉండదు.

అందుకే రెండు దారులు ఏర్పడ్డాయి. 1984లో బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ కటి ఎముకను కోసి, సొంత గిన్నెనే తిప్పి తలపై సరిగా కప్పే పద్ధతి మొదలుపెట్టాడు. మృదులాస్థి అరగకముందే చేస్తేనే అది ఫలిస్తుంది. 1990ల చివర్లో వచ్చిన, అరుగుదల బాగా తక్కువగా ఉండే పాలీఇథిలీన్ రెండో దారి. దీనితో యువకులకూ కీలుమార్పిడి సాధ్యమైంది. అయితే జీవితంలో మరోసారి శస్త్రచికిత్స అవసరం కావచ్చునన్న మాట ముందే చెప్పవలసిందే.

ఇంతకన్నా సులువైన మార్గం ఊయలలోనే ఉంది. 1937లో ఇటలీ వైద్యుడు ఓర్తోలాని, శిశువు తొడలు విప్పితే చేతికి తెలిసే చిన్న కదలికను వివరించాడు. జపానులో 1970ల నడుమ, కాళ్ళు చాపి బిగించి చుట్టవద్దని తల్లులకు నేర్పాక ఈ జబ్బు బాగా తగ్గింది. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకున్నప్పుడు తొడలు వాటంతటవే విడివడి, తల గిన్నెలో కుదురుకుంటుంది. తొలి నెలల్లో తల కుదురుగా నిలిస్తే, గిన్నె దానంతటదే లోతవుతుంది.