గాజు గోడల ఆఫీసు: ఎక్కడ పుట్టింది, మాదాపూర్‌కు ఎలా వచ్చింది?

హైదరాబాద్‌లో ఇవాళ పెద్ద ఆఫీసు కడుతున్నారంటే అది గాజు మేడే అయి ఉంటుంది. మాదాపూర్ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా వరసగా కనిపించేవి అవే. తెరుచుకోని కిటికీలు, పట్టపగలూ వెలిగే దీపాలు, మే నెలలోనూ స్వెటర్ వెతుక్కునేంత చలి. పాతికేళ్లుగా చూసి చూసి, ఆఫీసు అంటే ఇలాగే ఉండాలనుకునేంత అలవాటు పడ్డాం. కానీ ఈ కట్టడం మన ఎండను, మన గాలిని చూసి పుట్టింది కాదు. దీని వెనక ఒక అచ్చాఫీసు ఉంది, ఒక ట్యూబ్‌లైటు ఉంది, ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్లున్నాయి, ఒక జీవో ఉంది. ఎవరెవరో ఎప్పుడెప్పుడో తీసుకున్న నిర్ణయాలు పోగుపడి ఈ రూపం వచ్చింది. కాబట్టి కొత్త నిర్ణయాలతో దీన్ని మార్చుకోవచ్చు కూడా.

కిటికీ చెప్పినంత మేరకే గది

కరెంటు రాని రోజుల్లో ఆఫీసు ఎంత లోతుగా ఉండాలో కిటికీయే తేల్చేది. వెలుతురు అందినంత దూరమే బల్ల వేసుకోవాలి, గాలి తగిలినంత మేరకే మనుషులు కూర్చోవాలి. న్యూయార్క్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఇదే లెక్క. మన దగ్గర వెలుతురుతో పాటు ఎండనూ చూసుకోవాలి కాబట్టి కచేరీలకు ఎత్తయిన కప్పులు, మందపాటి గోడలు, పైన గాలి కంతలు, చుట్టూ వరండాలు ఉండేవి. వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. కప్పుకు వేలాడే గుడ్డ పంకాను బయట కూర్చుని ఒక మనిషి తాడుతో లాగుతూ ఉండేవాడు. ఆ చల్లదనంలో అతని రెక్కల కష్టం ఉంది. ఆ వ్యవస్థ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. గోడకూ వరండాకూ ఉన్న పనితనం మాత్రం మరిచిపోదగ్గది కాదు.

1912లో నిజాం ప్రభుత్వం ఏర్పాటు చేసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ పద్ధతినే బజారుకు తెచ్చింది. పత్తర్‌గట్టిలో రాతి కమానుల వరస కట్టి, నడిచేవాళ్లకూ దుకాణాలకూ నీడ ఇచ్చింది. భవనం తన ముందున్న వీధికి కూడా నీడ బాకీ ఉంటుందన్న భావన ఆ రాళ్లలో ఉంది.

అచ్చాఫీసు తేమ నుంచి అద్దాల మేడ దాకా

1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసుకు చిక్కొచ్చింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగుతోంది, ముడుచుకుంటోంది. రంగు మీద రంగు సరిగ్గా పడటం లేదు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు తయారుచేసిన ఏర్పాటే నేటి ఏసీకి మూలం. అది కాగితం కోసం వచ్చింది. మనుషుల దగ్గరకు తర్వాత చేరింది. 1928లో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో మైలమ్ బిల్డింగ్ మొత్తానికీ ఏసీ పెట్టారు. ఎత్తయిన ఆఫీసు భవనాల్లో అదే మొదటిది.

1938లో ట్యూబ్‌లైటు మార్కెట్లోకి వచ్చింది. బల్బు అంత వేడి పుట్టించదు, వెలుతురు ఎక్కువ. చల్లదనం గొట్టాల్లోంచీ వెలుతురు కప్పులోంచీ వస్తుంటే ఇక కిటికీతో పనేముంది? గది ఎంత లోతైనా కట్టొచ్చు. 1952లో న్యూయార్క్‌లో పూర్తయిన లీవర్ హౌస్ ఆ మార్పుకు ముఖచిత్రం. చుట్టూ గాజు తెర, ఒక్క కిటికీ తెరుచుకోదు. 1959లో ఇంగ్లండ్‌లోని పిల్కింగ్టన్ కంపెనీ కరిగిన తగరం మీద గాజును తేల్చి, సాన పట్టే పని లేకుండా నునుపైన పలకలు తీసే పద్ధతిని ప్రకటించింది. దాంతో పెద్ద పెద్ద గాజు పలకలు చవకయ్యాయి. ఏసీ, ట్యూబ్‌లైటు, గాజు తెర, చవక పలక, ఈ నాలుగూ కలిసి ఇవాళ్టి ఆఫీసుకు ఒళ్లు ఇచ్చాయి.

లోపలి అమరిక మరొక దారిన వచ్చింది. 1960లలో అమెరికన్ ఫర్నిచర్ కంపెనీ హర్మన్ మిల్లర్‌లో పనిచేస్తున్న రాబర్ట్ ప్రాప్స్ట్, వరసగా బల్లలు వేసి గుమాస్తాలను కూర్చోబెట్టే పద్ధతి చూసి బాధపడ్డాడు. మనిషి నిలబడీ, కూర్చునీ, కాస్త చాటుగానూ పనిచేసుకునేలా 1964లో ‘యాక్షన్ ఆఫీస్’ తెచ్చాడు. 1968లో దాన్ని కదిలే పలకలతో మార్చాడు. పలకల మధ్య కోణం విశాలంగా ఉండాలన్నది అతని ఆలోచన. కంపెనీలు దాన్ని లంబకోణానికి కుదించి, తక్కువ జాగాలో ఎక్కువ మందిని ఇరికించాయి. అదే క్యూబికల్. తన ఆలోచన అలా మారిపోవడం చూసి ప్రాప్స్ట్ చివరి దశలో బహిరంగంగానే వాపోయాడు.

అబిడ్స్ నుంచి మాదాపూర్‌కు

హైదరాబాద్‌లో ప్రైవేటు ఆఫీసులంటే చాలాకాలం అబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్, సికింద్రాబాద్ ఎస్డీ రోడ్డు. బాబూఖాన్ ఎస్టేట్, స్వప్నలోక్ లాంటి కాంప్లెక్సులు ఆ తరానివి. కింద షాపులు, పైన చిన్న చిన్న గదులుగా అమ్మేసిన ఆఫీసులు. ఒక్కో గదికి ఒక్కో యజమాని. మెట్లు, కారిడార్లు అందరివీ కావడంతో అవి ఎవరివీ కాకుండా పోయేవి. ఆ ఏర్పాటు ఎంత ప్రమాదమో 2023 మార్చి 16 రాత్రి తెలిసింది. స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి, అక్కడ పనిచేస్తున్న ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. ఉపాధి కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన పిల్లలు వాళ్లు. ఆఫీసు డిజైన్ అంటే రంగులు, సోఫాల ఎంపిక అనుకునేవాళ్లు ఆ ఆరుగురినీ గుర్తుపెట్టుకోవాలి. గాలి ఎటు పోతుంది, మెట్లు ఎటు తీసుకెళ్తాయి అన్న ప్రశ్నలే మొదటి డిజైన్.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు చిన్న గదులు సరిపోలేదు. వందల మంది ఒకే అంతస్తులో కూర్చోవాలి, కరెంటు పోకూడదు, డేటా లైన్లు ఉండాలి. అందుకు జవాబుగా ఎల్ అండ్ టీ, రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ కలిసి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ కట్టాయి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. పది అంతస్తులు, నడుమ ఫౌంటెన్, చుట్టూ నాలుగు భాగాలు. అంతస్తు అంకె, భాగం అంకె కలిపి అక్కడి ఆఫీసుల చిరునామాలు రాసుకునేవారు. ఆ పరిసరాల్లో అప్పటికి బండరాళ్లు, గుట్టలే ఎక్కువ. భవనం మాత్రం రేపటి నగరానికి నమూనా అయింది. 2000లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ గాజు ఫ్యాక్టరీ మొదలయ్యాక దక్షిణాదిలో మంచి గాజు దొరకడం మరింత తేలికైంది.

పన్ను సెక్షన్లు, ఒక జీవో

ఆ తర్వాత వచ్చిన విస్తరణకు ఆర్కిటెక్టుల కన్నా అకౌంటెంట్లు ఎక్కువ కారణం. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల కింద ఉన్న పన్ను మినహాయింపు 2011 మార్చితో ముగిసింది. ఈలోగా 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్) చట్టం కొత్త మినహాయింపు తెచ్చింది. షరతు ఏమిటంటే యూనిట్ కొత్తది కావాలి, నోటిఫై అయిన సెజ్‌లోనే ఉండాలి. మొదట్లో ఐటీ సెజ్‌కు కనీసం 10 హెక్టార్ల భూమి చూపాల్సి వచ్చేది. అంత జాగా అబిడ్స్‌లో ఎక్కడుంది? గచ్చిబౌలి, రాయదుర్గం వైపే ఉంది. కంపెనీలు పడమరకు నడవడానికి ఇది బలమైన కారణం.

రెండోది 2006 మార్చిలో వచ్చిన జీవో 86. ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మించి కట్టకూడదన్న ఎఫ్ఎస్ఐ పరిమితిని అది హైదరాబాద్‌లో పక్కన పెట్టింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తును బట్టి అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. 2012 నాటి జీవో 168 దాన్నే కొనసాగించింది. దేశంలోని మిగతా పెద్ద నగరాలు ఎఫ్ఎస్ఐ లెక్కల్లో చిక్కుకుని ఉంటే, ఇక్కడ పెద్ద అంతస్తులతో ఎత్తయిన టవర్లు లేచాయి. అద్దెలు అదుపులో ఉండటానికీ, పెద్ద కంపెనీలు రావడానికీ ఇది తోడ్పడింది. ఈ మేలును కాదనలేం.

కానీ ఆఫీసు అద్దె చదరపు అడుగుల్లో లెక్కిస్తారు. వరండాకు అద్దె రాదు. అడుగు మందం గోడ, అద్దె వచ్చే జాగాను తినేస్తుంది. గాజు తెర సన్నగా ఉంటుంది, త్వరగా బిగించొచ్చు, చూడటానికి విదేశీ క్లయింటుకు పరిచితంగా ఉంటుంది. కట్టేది బిల్డరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకు దిగిన కంపెనీ. వేడి తగ్గించే గోడకు ఖర్చు పెట్టినవాడికి దాని ఆదా దక్కదు. గాజు మేడ మనకు స్థిరపడటానికి అసలు కారణం ఈ చిక్కుముడి.

రవాణా సంగతీ ఇంతే. సైబర్ టవర్స్ ప్రారంభమైన ఐదేళ్లకు ఎంఎంటీఎస్ వచ్చినా, స్టేషన్ నుంచి ఆఫీసుకు మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. మెట్రో హైటెక్ సిటీ చేరింది 2019లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. మేడలు ముందు, మనుషులు వచ్చే దారి తర్వాత అన్న వరస ఒక తరం జీవితాన్ని ట్రాఫిక్‌లో ఖర్చు చేయించింది.

ఎండ లెక్క, జవాబు

హైదరాబాద్‌కు ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది. ఏటా మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వేసవి మధ్యాహ్నాల్లో ఎండ దాదాపు నిలువునా పడుతుంది కాబట్టి దక్షిణ, ఉత్తర గోడలను చిన్న చజ్జాతోనే కాపాడుకోవచ్చు. ఇబ్బందంతా ఉదయం తూర్పు, సాయంత్రం పడమర నుంచి ఏటవాలుగా దూరే ఎండతోనే. ఆ రెండు దిక్కులా గాజు తగ్గిస్తే చాలా పని అయిపోతుంది. మామూలు ఒంటి గాజు ఎండ వేడిలో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. పూత పూసిన జంట గాజు అందులో మూడో వంతు దగ్గరకు తగ్గించగలదు. అయినా నీడ పడ్డ గోడకు అది సాటిరాదు.

ఇది ఊహ కాదని ఇదే నగరంలోని రెండు భవనాలు చూపించాయి. కొండాపూర్ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు, కప్పు మీద పచ్చిక. పాత కట్టడాల తెలివితోనే అది హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల పొందిన తొలి భవనమైంది. సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్నా, చుట్టూ లేచిన టవర్లలో దాని పోలిక కనబడదు.

రెండోది పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఉంది. ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒకదానికి మంచి ఏసీ పెట్టారు. రెండోదానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లటి నీరు ప్రవహించేలా చేశారు. గోడలు, కిటికీలు రెండింటికీ ఒకే రీతిలో ఎండను ఆపేవే. రెండేళ్లు కొలిస్తే నీటితో చల్లబడే భాగానికి సుమారు మూడో వంతు కరెంటు తక్కువ పట్టింది. అందులో మామూలు ఉద్యోగులే మామూలు పని చేసుకున్నారు.

నిబంధనలూ ఉన్నాయి. ఇంధన పొదుపు భవన నియమావళి దేశంలో 2007లో వచ్చింది, ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలో దాన్ని స్వీకరించింది. 2017 నాటి సవరించిన నియమావళి గోడలో గాజు వాటాను సాధారణ మార్గంలో 40 శాతానికి పరిమితం చేసింది. భవనం మొత్తం వినియోగాన్ని లెక్కగట్టి చూపితే ఆ పరిమితి దాటొచ్చన్న మరో మార్గం కూడా తెరిచి ఉంచింది.

వరంగల్, విశాఖ ఏం కట్టబోతున్నాయి?

హైదరాబాద్‌లో కట్టేసినవాటిని కూల్చలేం. పడమటి గోడలకు బయట తెరలు బిగించొచ్చు, అగ్నిమాపక తనిఖీలు పట్టుదలగా చేయొచ్చు. 2023 డిసెంబర్‌లో సెజ్ భవనాలను అంతస్తుల వారీగా విడిపించుకునే వీలు వచ్చింది. ఖాళీగా ఉన్న అంతస్తులను మళ్లీ తీర్చిదిద్దేటప్పుడు తెరుచుకునే కిటికీకి చోటివ్వొచ్చు. అసలు అవకాశం మాత్రం ఇప్పుడిప్పుడే మొదలవుతున్న నగరాలది.

వరంగల్ మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్నాయి. విశాఖ రుషికొండ కొండల మీద ఐటీ భవనాలు పెరుగుతున్నాయి. అదే విశాఖలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను పెద్ద పెద్ద భవనాల అద్దాలను పగలగొట్టి వీధుల్లో చల్లింది. సముద్రపు గాలి పుష్కలంగా వీచే ఊళ్లో కిటికీ తెరుచుకోని గాజు మేడ కట్టడం రెండు విధాలా నష్టమే. గాలి లోపలికి రాదు, తుపాను వస్తే గోడ నిలవదు.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో పెద్ద ఐటీ కంపెనీలకు నామమాత్రంగా 99 పైసలకు భూములు కేటాయించింది. ఉద్యోగాల కోసం ప్రజలు తమ భూమిని అలా ఇచ్చినప్పుడు, బదులుగా అడిగే హక్కు ప్రజలకు ఉంటుంది. తూర్పు, పడమర గోడల్లో గాజు ఎంత? ప్రతి అంతస్తులో తెరుచుకునే కిటికీలు ఎన్ని? పొగ వస్తే ఎన్ని నిమిషాల్లో బయటపడొచ్చు? మొదటి ఉద్యోగి చేరే రోజుకు బస్సు వస్తుందా? రోడ్డు మీద నడిచే మనిషికి ఆ భవనం నీడ ఇస్తుందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు భూమి కేటాయింపు ఒప్పందంలోనే రాసి ఉండాలి. హైదరాబాద్‌లో పన్ను చట్టం, జీవో కలిసి ఒక నగర రూపాన్నే మార్చేశాయి. విశాఖలో, వరంగల్‌లో ఒక్కో పేజీ షరతులు అంతకన్నా మంచి మార్పు తేగలవు.