వైఫైతో డెస్క్ ఫోన్లు: అండమాన్ కార్యాలయాలు గమనించవలసినవి

కార్యాలయాల్లో బల్లపై ఉండే ఐపీ ఫోన్లు చాలావరకు తీగతో పనిచేసేలా తయారవుతాయి. వాటి వెనుక ఈథర్నెట్ పోర్టు ఉంటుంది గానీ వైఫై ఉండదు. అద్దె గదుల్లో, కొత్త తీగ లాగడానికి వీలులేని పాత భవనాల్లో ఇటువంటి ఫోన్‌ను వైఫైకి అనుసంధానించడం సాధ్యమే. అయితే అండమాన్ నికోబార్ దీవుల్లో 2020 వరకు అసలు చిక్కు గదిలో కాక, సముద్రం దాటడంలో ఉండేది.

అప్పట్లో దీవుల సమాచార సంబంధాలు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడేవి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావడానికే సుమారు పావు సెకను పడుతుంది. సంభాషణ సహజంగా సాగాలంటే ఒక దిశలో జాప్యం 150 మిల్లీసెకన్లు మించరాదన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం. ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకోవడం అందుకే జరిగేది.

చెన్నై నుంచి దీవులకు వేసిన సముద్రగర్భ ఫైబర్ కేబుల్‌కు 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ దానిని ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ నిర్మాణాన్ని రూ.1,224 కోట్ల వ్యయంతో బీఎస్ఎన్ఎల్ చేపట్టింది. పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీవిజయపురం)తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్ దీని పరిధిలోకి వచ్చాయి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే కేబుల్ మొత్తం పొడవు దాటినా 12 మిల్లీసెకన్లు పట్టదు. ఇప్పుడు మాట తెగితే కారణాన్ని ముందుగా కార్యాలయంలోనే వెతకాలి.

తీగ ఫోన్‌ను వైఫైకి కలిపే పరికరాన్ని వైర్‌లెస్ బ్రిడ్జి అంటారు. ఇది ల్యాప్‌టాప్ మాదిరిగా వైఫైలో చేరి, తన ఈథర్నెట్ పోర్టు ద్వారా ఫోన్‌కు నెట్‌వర్క్ అందిస్తుంది. కొన్ని యాక్సెస్ పాయింట్లను ‘క్లయింట్’ విధానంలోకి మార్చి ఇలాగే వాడవచ్చు. కొన్ని ఫోన్లకు యూఎస్‌బీ వైఫై డాంగిల్ సరిపోతుంది. అయితే ఏ డాంగిల్ అయినా పనిచేస్తుందనుకోరాదు. తయారీదారు సూచించినదే కొనాలి. వెబ్ పేజీలో లాగిన్ అడిగే అతిథి వైఫైకి బ్రిడ్జిని కలిపితే ఫోన్ పనిచేయదు, ఆ పేజీని తెరిచే వీలు దానికి ఉండదు.

చాలామంది మరచిపోయేది విద్యుత్తు. పీవోఈ స్విచ్ నుంచి వచ్చే తీగ సమాచారంతో పాటు విద్యుత్తునూ ఇస్తుంది. సాధారణ బ్రిడ్జి ఇవ్వదు. కాబట్టి ఫోన్‌కు అడాప్టర్ గానీ పీవోఈ ఇంజెక్టర్ గానీ విడిగా కావాలి.

జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో 90 కిలోబిట్ల లోపే చాలు. పది కాల్స్ కలిసినా ఒక మెగాబిట్ దాటదు. అందువల్ల వేగవంతమైన ప్లాన్ కొన్నంత మాత్రాన మాట స్పష్టం కాదు. సెకనుకు 50 చొప్పున వెళ్లే చిన్న ప్యాకెట్లు సమయానికి చేరాలి. ఇందుకు ఫోన్లకు ప్రత్యేక వైఫై పేరు కేటాయించడం, యాక్సెస్ పాయింట్‌లో మాటకు ప్రాధాన్యమిచ్చే డబ్ల్యూఎంఎం అమరికను ఆన్‌లో ఉంచడం, రద్దీ తక్కువగా ఉండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఎంచుకోవడం మేలు. ఈ బ్యాండ్ గోడలను అంత బాగా దాటలేదు కనుక యాక్సెస్ పాయింట్ దగ్గరలో ఉండాలి.

ఏర్పాటు ఎంత బాగున్నా కరెంటు పోయినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు అందేవి. వైఫైపై నడిచే డెస్క్ ఫోన్‌కు ఫోన్, బ్రిడ్జి, యాక్సెస్ పాయింట్, రౌటర్, ఫైబర్ మోడెం అన్నింటికీ కరెంటు ఉండాలి. ఒక్కటి ఆగినా కాల్ ఆగుతుంది. రౌటర్‌ను యూపీఎస్‌కు కలిపి ఫోన్ అడాప్టర్‌ను మామూలు ప్లగ్‌లోనే వదిలేయడం సర్వసాధారణం.

2004 డిసెంబరు 26 సునామీలో దీవుల టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో ద్వారా క్షేమ సమాచారాన్ని, సహాయక సందేశాలను చేరవేసింది. అటువంటి ప్రాంతంలో ఆసుపత్రి, ఓడరేవు, కంట్రోల్ రూం వంటి చోట్ల వైఫై ఫోన్‌ను ఏకైక ఆధారంగా ఉంచరాదు. కనీసం ఒక ఫోన్‌నైనా తీగతో పీవోఈ స్విచ్‌కు కలిపి, ఆ స్విచ్‌తో పాటు రౌటర్, మోడెంలను ఒకే యూపీఎస్‌పై ఉంచితే, ఆ బ్యాటరీ ఉన్నంతసేపు దానికి కరెంటు అందుతుంది.