పాత కెమెరాకు కార్డే ప్రాణం

‘దొంగల ముఠా’ సినిమా గుర్తుందా? రవితేజ, ఛార్మి నటించిన ఆ సినిమా 2011లో వచ్చింది. రామ్‌గోపాల్‌ వర్మ దాన్ని ఐదంటే ఐదు రోజుల్లో, పట్టుమని పదిమంది కూడా లేని సిబ్బందితో తీసేశారు. ఆ పనికి ఎంచుకున్నది లక్షలు పోసి అద్దెకు తెచ్చే సినిమా కెమెరా కాదు. పెళ్లిపందిట్లో ఫొటోగ్రాఫర్‌ మెడలో కనిపించే కేనన్‌ 5డీ.

ఆ 5డీ వరుసలో 2008లో విడుదలైన మార్క్‌ 2కు ఒక పరిమితి ఉంది. హెచ్‌డీ వీడియో తీస్తుంటే 12 నిమిషాలు తిరిగేసరికి దానంతటదే ఆగిపోతుంది. దానికి కారణం లెన్సూ కాదు, సెన్సరూ కాదు. కార్డులో ఫైళ్లు సర్దడానికి వాడే ఫ్యాట్‌32 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. అంత నిండిందంటే షాట్‌ ముగిసినట్టే. ఎంత పెద్ద దర్శకుడైనా, ఎంత మంచి సన్నివేశమైనా ఆ లెక్క మారదు.

డిజిటల్‌ కెమెరా పుట్టినప్పటి నుంచీ ఇదే తంతు. వెలుగును పట్టుకోవడం ఒక ఎత్తు, పట్టుకున్నదాన్ని ఎక్కడ దాచాలన్నది మరో ఎత్తు.

1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో కొడాక్‌ ఇంజినీరు స్టీవెన్‌ సాసన్‌ తయారుచేసిన తొలి డిజిటల్‌ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. అది తీసిన బొమ్మలో ఉన్న చుక్కలు 10 వేలు. ఆ కాస్త బొమ్మ క్యాసెట్‌ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. పదహారేళ్ల తర్వాత, 1991లో కొడాక్‌ తొలి డిజిటల్‌ ఎస్‌ఎల్‌ఆర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాని పేరు డీసీఎస్‌. బాడీ నికాన్‌ ఎఫ్‌3ది, సెన్సర్‌ 1.3 మెగాపిక్సెల్‌. ఫొటోలు దాచే 200 ఎంబీ హార్డ్‌ డిస్క్‌ మాత్రం కెమెరాలో ఇమడలేదు. దాన్ని వేరే పెట్టెలో పెట్టి, కెమెరాకు వైరుతో కలిపి, ఫొటోగ్రాఫర్‌ భుజానికి తగిలించారు. 20 వేల డాలర్లు పోసి కొన్నవాళ్లు కూడా ఆ బరువు మోయాల్సిందే. అందులో పట్టేవి కంప్రెస్‌ చేయని ఫొటోలైతే 156.

ఆ పెట్టెను అగ్గిపెట్టెకన్నా పలచన చేసిన ఘనత ఫ్లాష్‌ మెమరీది. తోషిబాలో పనిచేసిన జపాన్‌ ఇంజినీరు ఫుజియో మసుఒకా దాన్ని కనిపెట్టారు. అందులో నాండ్‌ రకం 1987లో లోకానికి పరిచయమైంది. కరెంటు తీసేసినా రాసిన సమాచారం చెరిగిపోదు, తిరిగే చక్రాలుండవు. 1994లో శాన్‌డిస్క్‌ ఫ్లాష్‌ మెమరీని కాంపాక్ట్‌ఫ్లాష్‌ కార్డుగా మలిచింది. ఫొటోగ్రాఫర్ల నోట్లో అది ‘సీఎఫ్‌ కార్డు’. 1999లో వచ్చిన నికాన్‌ డీ1 ఈ కార్డునే వాడుకుంది. అందులో ఉన్నది 2.74 మెగాపిక్సెల్స్‌ అయినా పత్రికా ఫొటోగ్రాఫర్లు రీలు వదిలి డిజిటల్‌కు మారడానికి దారి తీసిన కెమెరా అదే.

మామూలు మనిషికి డీఎస్‌ఎల్‌ఆర్‌ అందింది మాత్రం 2003 ఆగస్టులో. కేనన్‌ 300డీ ధర లెన్సుతో కలిపి 999 డాలర్లు, బాడీ ఒక్కటే అయితే 899. వెయ్యి డాలర్ల లోపు డీఎస్‌ఎల్‌ఆర్‌ రావడం అదే మొదటిసారి. మర్నాడే పోటీ వచ్చినట్టుగా 2004లో నికాన్‌ డీ70 దిగింది. రెండింటికీ 6 మెగాపిక్సెల్స్‌ పైన ఉన్నాయి. 8x12 సైజు ప్రింటు వేసి గోడకు తగిలిస్తే, అది ఏ కెమెరాతో తీసిందో ఎవరూ అడగరు. ఈ మాట అప్పుడెంత నిజమో ఇప్పుడూ అంతే నిజం. ఇరవై ఏళ్ల కిందట ఆ సెన్సర్‌ ఎంత చక్కగా వెలుగును పట్టిందో ఇవాళా అంతే చక్కగా పడుతుంది. పాతబడేవి దాని చుట్టూ ఉన్నవి: బ్యాటరీ, గ్రిప్పు రబ్బరు, షట్టరు. అన్నిటికన్నా ముందు కార్డు.

చాలామంది బోల్తా పడేది ఈ కార్డు దగ్గరే. సీఎఫ్‌ కాక ఎస్‌డీ అని మరో రకం కార్డులున్నాయి. అవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కెమెరాలో సాఫీగా దూరతాయి. కానీ పాత ఎస్‌డీ కార్డులో చిరునామాలు బైటు బైటుకూ ఉండేవి. ఊళ్లో ప్రతి గడపకూ నంబరు వేసినట్టన్నమాట. ఆ నంబర్లు రాయడానికి ఉన్న చోటు 4 జీబీతో సరి. మార్కెట్లో ఎక్కువగా 2 జీబీ దాకానే దొరికేవి. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ ఈ పద్ధతి మార్చి, 512 బైట్లను ఒక వీధిగా కట్టి వీధికొక నంబరు ఇచ్చింది. దాంతో 32 జీబీ వరకు దారి తెరుచుకుంది. పాత లెక్క మాత్రమే తెలిసిన కెమెరాకు ఈ కొత్త చిరునామా అర్థం కాదు. కంప్యూటర్లో ఎన్నిసార్లు ఫార్మాట్‌ చేసినా ఫలితం ఉండదు. కాబట్టి 2006కు ముందు నాటి ఎస్‌డీ కెమెరా కొనేవాళ్లు ముందు 1 జీబీ, 2 జీబీ కార్డులు వెతికి పెట్టుకోవాలి. సీఎఫ్‌ కార్డుతో ఈ బాధ తక్కువ. ఫ్యాట్‌16 మాత్రమే తెలిసిన మరీ పాత కెమెరాల్లోనే 2 జీబీ గోడ అడ్డొస్తుంది.

సీఎఫ్‌కు ఉన్న బాధ వేరు. కార్డు అరలోకి ఫోన్‌ టార్చి వేసి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి పిన్నులు రెండు వరుసల్లో నిలబడి కనిపిస్తాయి. వరుసకు 25 చొప్పున మొత్తం 50. కార్డు వంకరగా పెట్టి తోస్తే అందులో ఒకటి వంగుతుంది. వంగిన పిన్నును సూదితో నిలబెట్టబోతే విరిగిపోవచ్చు. హైదరాబాద్‌ కోఠి బ్యాంక్‌ స్ట్రీట్‌లోని కెమెరా దుకాణాల్లో కొన్నా, పక్కింటాయన దగ్గర కొన్నా, బేరం మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఈ అరలోకి తొంగిచూడటం. ఎస్‌డీ కార్డయితే పక్కనుండే చిన్న లాక్‌ మీట చూడాలి. అది ఊడిపోతే కార్డు లాక్‌లో ఉందని కెమెరా మొండికేస్తుంది. ఆ గంటు మీద చిన్న టేపు ముక్క అంటిస్తే పని నడుస్తుంది.

తర్వాత చూడాల్సింది షట్టర్‌ కౌంట్‌, అంటే షట్టరు ఎన్నిసార్లు క్లిక్కయిందన్న లెక్క. నికాన్‌ కెమెరాలు ఆ అంకెను ప్రతి ఫొటో ఫైల్లోనూ రాస్తాయి. పాత కేనన్లలో అంత తేలిగ్గా తెలియదు. 5డీకి లక్ష క్లిక్కులు, మార్క్‌ 2కు లక్షన్నర అని కంపెనీ లెక్క. ఒక్క పెళ్లికి రెండుమూడు వేల ఫొటోలు తీసే చేతుల్లో తిరిగిన బాడీ అయితే ఆ లెక్క ఎంత త్వరగా కరిగిపోతుందో ఊహించుకోవచ్చు. 2005 నాటి తొలి 5డీ కొంటుంటే అద్దం సంగతీ అడగాలి. కొన్నింటిలో అద్దం ఊడివస్తోందని కేనన్‌ అప్పట్లో ఉచితంగా సరిచేసి ఇచ్చింది. లెన్స్‌ను ఎఫ్‌16కు పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సర్‌ మీది దుమ్ము నల్లటి మచ్చలుగా బయటపడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్‌ను దీపానికి ఎదురుపెట్టి, సాలెగూడులా బూజు పట్టిందేమో చూడటం మంచిది. నికాన్‌ డీ40 ఎంత ముద్దొచ్చినా అందులో ఫోకస్‌ మోటారు లేదు. పాత 50 ఎంఎం డీ లెన్స్‌ తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే.

చవగ్గా దొరికే పెద్ద కార్డులతో జాగ్రత్త. లోపల ఉన్నది 4 జీబీ అయినా 64 అని కంప్యూటర్‌కు చెప్పేలా చేసిన నకిలీలు ఉంటాయి. అసలు చోటు నిండాక తీసిన ఫొటోలు గాలికి పోతాయి. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌ కార్డంతా నింపి, రాసింది తిరిగి చదివి చెబుతుంది. ఆ పరీక్ష అయ్యాకే పెళ్లికి గానీ ప్రయాణానికి గానీ తీసుకెళ్లాలి.

కెమెరాతో పాటు ఉచితంగా వచ్చిన పాత కార్డు విషయంలో మరో మాట ఉంది. ఫొటోలు చెరిపేసినా, ఫార్మాట్‌ చేసినా చాలాసార్లు ఫైళ్ల జాబితా మాత్రమే పోతుంది, బొమ్మలు లోపలే ఉంటాయి. ఫోటోరెక్‌ లాంటి ప్రోగ్రామ్‌ వాటిని మళ్లీ తోడిపెడుతుంది. ఎవరి ఇంటి సీమంతమో, ఎవరి బిడ్డ తొలి స్నానమో ముక్కూమొహం తెలియనివాళ్ల స్క్రీన్‌ మీద తేలుతుంది. అమ్మేవాళ్లు కెమెరా ఇచ్చి కార్డు తమ దగ్గరే ఉంచుకోవాలి. కొన్నవాళ్ల చేతికి అలాంటి కార్డు వస్తే తెరిచి చూడకుండా మొదటి నుంచి చివరి దాకా నింపి చెరిపేయడం మర్యాద.

ఇళ్లలో బీరువా అడుగున పడున్న కార్డులకు ఇంతకన్నా తొందర ఉంది. ఫ్లాష్‌ మెమరీలో ఫొటో అంటే చిన్న చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశమే. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా కారిపోతుంది. 2004లో తీసిన గృహప్రవేశం ఇంకా ఆ కార్డులోనే ఉంటే రీడరు సంపాదించి ఈ వారమే రెండు చోట్ల కాపీ చేసుకోవాలి. ఆ పని అయ్యాక 2 జీబీ కార్డు ఖాళీ అవుతుంది. 6 మెగాపిక్సెల్‌ కెమెరాలో పెడితే సుమారు 600 ఫొటోలు పడతాయి. 36 ఫొటోల రీళ్ల లెక్కన అది దాదాపు 17 రీళ్లు.