నాలుగో అంకె

మూడు అంకెలు నొక్కింది. నాలుగోదాని మీద వేలు ఆగిపోయింది.

హిందూపురం. మధ్యాహ్నం పన్నెండు. బయట మార్చి ఎండ. మార్కెట్ యార్డుకు పోతున్న చింతపండు లారీ రోడ్డంతా పులుపు వాసన వదిలిపోయింది. ఏటీఎం గదిలో మాత్రం చలి. కార్డు ఆయనది. పిన్ను పాప పుట్టినరోజు. "బ్యాంకోళ్లకు తెలిసేలోగా తీసేసుకో మే. తెలిసిందంటే ఇంక చేతికి రాదు" అని ధర్మవరంలో పక్కింటామె రాత్రి చెవిలో ఊదింది.

ఆయన పోయి పంతొమ్మిది రోజులు. ఆ సంగతి ఈ మిషనుకు ఇంకా తెలీదు.

ఆమెకు ఈ కథలో పేరు లేదు. పేరు పెడితే ఒక్క ఇంటి కథయిపోతుంది. భర్తను గల్ఫ్‌కు పంపిన ఏ ఇంటి గడపలోనైనా ఆమెను ఊహించుకోవచ్చు.

ఆయన పోయిన తెల్లవారుజామున ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ముందు సగం నేసిన పెళ్లిచీర. ఫోన్ మోగింది. కువైట్ నంబరు. గొంతు ఆయనది కాదు.

"వదినా... అన్నను లేపితే లేయడం ల్యా."

నాడె జారింది. పోగు తెగింది.

తర్వాత అరబ్బీలో రాసిన మరణ ధ్రువపత్రం, మన రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు రద్దు, బెంగళూరు విమానాశ్రయంలో సరుకుల గేటు దగ్గర తెల్లారేదాకా నిలబడటం, పెట్టె మీద అంటించిన చీటీలో ఆయన పేరు తప్పు పడటం, దేవనహళ్లి దాటాక అంబులెన్సు అద్దానికి తల ఆనించి కూర్చోవడం, పెనుకొండ కోట కనపడగానే వాకిట్లోంచి అత్త వేసిన కేక, అన్నీ ఒకే రోజు జరిగినట్టు ఆమెకు కలగలిసిపోయాయి. మట్టి చేసిన మూడోనాడే పాప స్కూలు నుంచి ఫీజు చీటీ వచ్చింది.

మిషను కూసింది. ఇంకా టైము కావాలా?

రద్దు నొక్కింది. ఆయన డబ్బు ఆయన చాటుగా తీస్తున్నట్టు అనిపించింది. అయినా సంచిలో ఇంతకంటే గట్టిది ఉంది. స్టాంపు కాగితం. దాని మీద ఆయన సంతకం. పవరాఫ్ అటార్నీ. దాన్ని చూపించే రెండేళ్లుగా ఆయన పంపిన డబ్బు తీసి ఇల్లు నడిపింది. దాన్ని పట్టుకుని పక్కనే ఉన్న బ్యాంకు మెట్లెక్కింది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీశాడు.

"ఆయన ఎప్పుడు పోయినారమ్మా?"

చెప్పింది.

"ఇది ఇచ్చిన మనిషి ఉన్నన్నాళ్లే పనిచేస్తుందమ్మా. ఆయనతోపాటే ఇదీ పోయింది."

ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు లేచి పడుతోంది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టి పట్టుకుంది.

1872 కాంట్రాక్టు చట్టం మాట అది. అధికారం ఇచ్చినవాడు పోతే, పుచ్చుకున్నవాళ్ల అధికారమూ పోతుంది. దారి లేక కాదు. పరదేశంలో ఉండేవాళ్లు తెరిచే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఇక్కడున్న భార్యను జాయింటుగా చేర్చుకోవచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని రాస్తారు. ఆయన ఉన్నంతకాలం ఆయన చేతిలో, పోయాక ఆమె చేతిలో. రిజర్వు బ్యాంకు ఈ వీలు కల్పించి పదేళ్లు దాటింది. ఒక్క ఫారం పని. విమానం ఎక్కించే ముందు రక్తం పరీక్ష చేస్తారు, వీసా కాగితం తిప్పితిప్పి చూస్తారు. ఈ ఒక్క ముక్క ఆ ఆలుమగలకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?

"మరి ఈ డబ్బు ఎవరికిస్తారు సార్?"

మేనేజరు తెర వైపు చూశాడు. "నామినీ ఉన్నారమ్మా. మీరు కాదు."

సాయంత్రం రైలెక్కింది. పెనుకొండలో దిగేసరికి కియా షిఫ్టు బస్సుల దుమ్ము. కొండ మీద కోటగోడ చీకట్లో కలుస్తోంది. అత్త అరుగు మీద కూర్చునుంది. మట్టి చేసినరోజు అన్న మాట తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. "నువ్వే పంపించినావు నా కొడుకును."

"అత్తా. బ్యాంకులో నీ పేరుంది. పెండ్లి కాకముందు రాయించినాడంట."

"నా పేరా?"

"దుడ్లంతా నీకే ఇస్తారంట."

అత్త లేచింది. లోపలికి పోయింది. తలుపేసుకుంది.

ఆ రాత్రి కోడలు అరుగు మీదే కూర్చుంది. దోమలు. దూరంగా గూడ్సు రైలు చప్పుడు. మేనేజరు చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యే తప్ప సొంతదారు కాదు. 2010లో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతా గొడవలోనే ఈ సంగతి తేల్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే తల్లికి, భార్యకు, ఒక్కో బిడ్డకు సమానంగా ఒక్కో భాగం. అత్తకు, తనకు, పాపకు, పిల్లోడికి. నాలుగు భాగాలు. కానీ బ్యాంకు ఇచ్చేది మాత్రం నామినీకే. ఆవిడ పంచనంటే కోర్టుకు పోవాలి. అత్త మీద కోర్టుకా?

కువైట్‌లో జీతం పడే ఖాతా ఇంకో చిక్కు. మనిషి పోయాడని తెలియగానే దాన్ని ఆపేశారు. సర్వీసు డబ్బులూ అక్కడే. వారసులెవరో తేలుస్తూ ఇక్కడి నుంచి కాగితాలు పోవాలి. ఒక దేశం కాగితాలను ఇంకో దేశం సులువుగా ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ఒమన్, బహ్రెయిన్, సౌదీ కూడా చేరాయి. అక్కడికైతే విదేశాంగ శాఖ వేసే ఒక్క అపోస్టిల్ ముద్ర చాలు. కువైట్ చేరలేదు. అందుకే నోటరీ, రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఢిల్లీలో కువైట్ ఎంబసీ. ముద్ర మీద ముద్ర. అన్నిటికీ మొదటి కాగితం పెనుకొండ తహసీల్దారు ఇవ్వాలి. దాని కోసం అత్త నోరు విప్పాలి.

కోడి కూసింది. గడియ తీసిన చప్పుడు.

అత్త ఉతికిన చీర కట్టుకునుంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "యాడ సంతకం పెట్టల్లో చూపీ. పా."

తహసీల్దారు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చేతికొచ్చింది. మళ్లీ హిందూపురం. క్లెయిమ్ ఫారం మీద అత్త వంకరటింకరగా సంతకం చేసింది. కాగితాలన్నీ సరిగ్గా అందితే 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు రూలు. పదమూడో రోజు పిలుపొచ్చింది.

"డబ్బు నామినీ ఖాతాకే వెయ్యాలమ్మా" అన్నాడు మేనేజరు, అత్తనే చూస్తూ.

"అట్లే వెయ్ సార్. వేసినాక దాన్ని పంచి రాయి. నాది." చిటికెన వేలు మడిచింది. "పాపది." ఇంకో వేలు. "పిల్లోనిది." ఇంకో వేలు. నాలుగో వేలు దగ్గర ఆగింది. కోడలి వైపు తిరగలేదు. కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడిన పాస్‌బుక్కు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కోడలిది. ఇంట్లో పెట్టెలో ఉందనుకుంది ఆమె. సంచిలోకి ఎప్పుడొచ్చిందో, కొంగులోకి ఎప్పుడు చేరిందో తెలీదు.

ధర్మవరం. మగ్గం మీద పెళ్లిచీర ఇంకా సగంలోనే ఉంది. తెగిన పోగును వేళ్ల మధ్య తడిచేసి ముడి వేస్తోంది. గూట్లో కువైట్‌కు పంపిన కాగితాల నకళ్లు. వాటికి ఇంకా జవాబు లేదు.

ఫోన్ మోగింది. 965తో మొదలయ్యే నంబరు.

ఈసారి నాడెను పక్కన పెట్టి, ఎత్తింది.