అమెరికాలో ఏసీ కాంట్రాక్టర్ల లైసెన్సు: రాష్ట్రానికో నిబంధన

ఏసీలు, హీటింగ్ వ్యవస్థలు అమర్చే కాంట్రాక్టర్లకు అమెరికాలో దేశమంతటా చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రాలది, కొన్నిచోట్ల నగరాలది. తెలుగు కుటుంబాలు అధికంగా స్థిరపడిన టెక్సాస్, కాలిఫోర్నియాల్లోనూ నిబంధనలు ఒకే తీరుగా లేవు.

ఫెడరల్ ధ్రువపత్రం

రిఫ్రిజెరంట్ వాయువుతో పనిచేసే టెక్నీషియన్లకు పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) గుర్తింపు పొందిన పరీక్షలో ఉత్తీర్ణత 1994 నవంబరు 14 నుంచి తప్పనిసరి. దీని ఆధారం స్వచ్ఛ వాయు చట్టంలోని 608వ సెక్షన్. ఈ ధ్రువపత్రానికి కాలపరిమితి లేదు. అయితే అది వ్యక్తి నైపుణ్యానికి గుర్తింపే తప్ప కాంట్రాక్టు పనులకు అనుమతి కాదు.

రాష్ట్రాల నిబంధనలు

కాలిఫోర్నియా: మొత్తం విలువ 1,000 డాలర్లు లేదా అంతకు మించిన పనికి సీ-20 లైసెన్సు ఉండాలి. అభ్యర్థికి గత 10 ఏళ్లలో కనీసం 4 ఏళ్ల అనుభవం అవసరం. చట్టం-వ్యాపారం, వృత్తి నైపుణ్యంపై రెండు పరీక్షలు ఉంటాయి. 25,000 డాలర్ల బాండు సమర్పించాలి.

టెక్సాస్: ‘ఏ’ తరగతి లైసెన్సుదారు ఎంత పెద్ద వ్యవస్థనైనా అమర్చవచ్చు. ‘బి’ తరగతికి శీతలీకరణలో 25 టన్నులు, హీటింగ్‌లో గంటకు 15 లక్షల బీటీయూలు పరిమితి. బీమా తప్పనిసరి. లైసెన్సును ఏటా పునరుద్ధరించుకోవాలి.

న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్: రాష్ట్రవ్యాప్త ఏసీ లైసెన్సు లేదు, స్థానిక నిబంధనలు వర్తిస్తాయి. పెన్సిల్వేనియాలో ఇళ్ల మరమ్మతులు చేసే కాంట్రాక్టర్లు అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు కావాలి. ఆ నమోదు నైపుణ్యానికి హామీ కాదు.

ఇంటి యజమానికి ఎందుకు ముఖ్యం?

గ్యాస్ ఫర్నేస్‌ను సరిగా అమర్చకపోతే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరి ప్రాణం తీయగలదు. లైసెన్సు లేని వ్యక్తి తెచ్చిన కూలీ గాయపడితే, పరిహారం భారం ఇంటి యజమానిపై పడే ప్రమాదమూ ఉంది. కాలిఫోర్నియాలో లైసెన్సు అవసరమైన పనిని అది లేకుండా చేసినవారు కూలి కోసం దావా వేయలేరు. చెల్లించిన సొమ్మును తిరిగి కోరే హక్కు యజమానికి ఉంటుంది.

ఒప్పందానికి ముందు లైసెన్సు సంఖ్య అడిగి, అది అమల్లో ఉందో లేదో రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతులకు బయానా మొత్తం విలువలో 10 శాతం లేదా 1,000 డాలర్లలో ఏది తక్కువైతే దానిని మించరాదు.