కొయ్యకు మెరుగిచ్చిన లక్క

కొయ్య సామానుకు మెరుగు పెట్టడంలో రెండు పనులు ఇమిడి ఉన్నవి. కొయ్యకు రంగెక్కించడం ఒకటి. దానిని కాపాడే పలుచని పొర ఏర్పరచడం రెండవది. రంగును, పొరను కూడ ఇవ్వగల చిన్న జీవి ఒకటున్నది. అదే లక్కపురుగు. రసాయనశాస్త్రంలో జరిగిన ఒక క్రొత్త ఆవిష్కరణ దూరాననున్న అడవి ప్రజల బ్రతుకు తెరువును ఎట్లు మార్చగలదో దాని చరిత్ర తెలుపుతుంది.

పాండవుల లక్కయింటి కథ వలన లక్క మనకు చిరపరిచితమే. ఈ పురుగులు మోదుగ, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మలపై గుంపులుగా చేరి, రసం పీల్చి, తమ చుట్టూ ఒక రెజినును స్రవిస్తవి. కొమ్మలనుండి గీకిన లక్కను నలిపి నీటిలో కడిగితే ఎర్రరంగు నీటిలోనికి దిగుతుంది. మిగిలిన లక్కను పొడుగాటి గుడ్డసంచిలో పోసి, నిప్పు సెగను మెలిపెడితే అది కరిగి బయటికి ఊరుతుంది. దానిని పలుచని రేకుగా సాగదీసి, ఆరిన పిమ్మట విరుస్తారు. ఈ పెళుసు రేకులే 'చపడా'.

1583 నుండి 1588 వరకు గోవాలో ఉన్న లిన్షోటెన్ అనే డచ్చి యాత్రికుడు, లేతుపై తిరుగుతున్న కొయ్యకు లక్కను ఒత్తి రంగు పట్టించే మన పనివారి నేర్పును తన గ్రంథంలో వర్ణించాడు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకొంటుంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడు కర్రపై నేటికీ ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు.

అయితే బల్లను లేతుపై త్రిప్పలేము గదా! లక్క నీటిలో కరగదు గాని ఆల్కహాలులో కరుగుతుంది. ఆ ద్రావణంతో వార్నీషు చేసే విధానాలను స్టాకర్, పార్కర్ అనే ఆంగ్లేయులు 1688లో ప్రచురించారు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దాలలో 'ఫ్రెంచి పాలిష్' వ్యాప్తిలోనికి వచ్చినది. దూది ఉండను గుడ్డలో చుట్టి, ద్రావణంతో తడిపి, పలుచని పూతలు అనేకం రుద్దడమే ఈ పద్ధతి.

ఆ రోజులలోనే లక్క ఎర్రరంగు ఉన్నిబట్టల అద్దకానికై ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేది. 1856లో పద్దెనిమిదేండ్ల విద్యార్థి విలియం పెర్కిన్ తారు సంబంధమైన పదార్థాలనుండి ఊదారంగు తయారుచేశాడు. దాని వెంట వచ్చిన కృత్రిమ రంగుల ముందు లక్క రంగు నిలువలేకపోయినది. అంతకు పూర్వం అమ్ముకొన్న ఎర్రనీరు పారబోయవలసిన మురుగైనది! రెజిను మాత్రం మిగిలినది. పాలిష్‌కే గాక గ్రామఫోను రికార్డులకు కూడ పనికివచ్చినది. 1924లో రాంచీ సమీపాన నామ్‌కుంలో లక్క పరిశోధనాలయం వెలసినది. కాని 1920ల నుండి నైట్రోసెల్యులోజు పూతలు, తరువాత వినైలు రికార్డులు లక్క స్థానాన్ని ఆక్రమించినవి. అయినను జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలో అనేక గిరిజన కుటుంబాలకు లక్క నేటికీ ఒక ఆదాయమార్గం.

ఈ పాలిష్‌ను వాడదలచినవారు కొన్ని విషయాలు గమనించాలి. కొయ్యను ఉప్పుకాగితంతో ఈనె వాలునే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలలో రంగు చిక్కగా నిలుస్తుంది. నీటి రంగు తగిలితే కొయ్య పీచు లేస్తుంది; కనుక ముందే తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మరల సన్నగా రుద్దాలి. రంగు పూర్తిగా ఆరిన తరువాతనే పాలిష్ పెట్టాలి. ద్రావణాన్ని ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. నెలల తరబడి నిలువ ఉంటే మార్పుచెంది, పూత సరిగా ఆరక జిగటగా ఉండిపోతుంది. పాలిష్ స్పిరిట్‌లో విషపూరితమైన మిథైల్ ఆల్కహాలు ఉండవచ్చును. అది సులభంగా అంటుకొంటుంది కూడ. కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పనిచేయాలి.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. చపడా పొడిని ఒక పరీక్షనాళికలో మామూలు నీటిలోను, మరొకదానిలో చాకలిసోడా కలిపిన వెచ్చని నీటిలోను వేయండి. మొదటిదానిలో అట్లే ఉంటుంది. రెండవదానిలో మెల్లగా కరుగుతుంది. లక్కలో ఆమ్లగుణం ఉన్నదని విద్యార్థులకు దీనివలన తెలుస్తుంది. పాలిష్ బల్లలను సోడా నీళ్లతో ఎందుకు కడుగరాదో వారే చెప్పగలుగుతారు.