మదరాసు టైము, మా ఇంటి గడియారాలు

ఇల్లు, పొలం, నగలు పంచుకోవడానికి మనకు పద్ధతులున్నాయి. పెద్దమనుషులున్నారు, చట్టముంది, తూకముంది. పాత గడియారాలు పంచుకోవడానికి మాత్రం ఏ పద్ధతీ లేదు. అమ్మితే ఎంతొస్తుందో తెలియదు, ఉంచితే ఎవరు పెట్టుకుంటారో తెలియదు. చెన్నపట్నంలో మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో బీరువా అడుగు అరలో ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి. మా ఇంట్లో నాలుగున్నాయి. నాన్నగారు పోయిన తరవాత వాటినేం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. వాటి సంగతి తెలుసుకోకుండా తేల్చడం సరికాదనిపించి కొంత చదివాను, కొంత తిరిగి చూశాను. ఆ తెలుసుకున్నది మన పాఠకులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

గడియారం అన్న మాట గడియ నుంచి వచ్చింది. గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ళలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. ఆ గిన్నెను గడియకుడుక అనేవారు. అది మునగగానే గంట కొట్టేవారు. లెక్క సూర్యోదయంతో మొదలయ్యేది కనుక ఏ ఊరి కాలం ఆ ఊరిదే. నెల్లూరులో పొద్దు ఒక వేళ పొడిచి, బళ్ళారిలో కాస్త ఆలస్యంగా పొడిస్తే ఎవరికీ నష్టం లేదు. రైలు వచ్చాకే అది చిక్కయింది. ఊరికొక కాలం ఉంటే బండి ఎన్ని గంటలకు బయలుదేరిందో, ఎన్ని గంటలకు చేరిందో చెప్పడం ఎలా?

దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. తరవాత దేశంలో చాలా రైల్వేలకు మదరాసు టైమే ప్రమాణమైంది. దానికి కారణం మన నుంగంబాకంలోని వేధశాల. విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో ఎగ్మూరులో సొంతంగా పెట్టుకున్న వేధశాలను ఈస్టిండియా కంపెనీ తీసుకుని, 1792లో నుంగంబాకంలో భవనం కట్టించింది. అక్కడ నక్షత్రాల గమనాన్ని చూసి కాలం సరిచేసి, తంతి ద్వారా స్టేషన్లకు తెలియజేసేవారు.

ఆ వేధశాలలో దుర్భిణి నిలపడానికి నాటిన నల్లరాతి స్తంభం ఇప్పటికీ ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. కట్టించిన మైకేల్ టాపింగ్ పేరు, 1792 సంవత్సరం దాని మీద ఉన్నాయి. అక్కడ చెక్కించిన శాసనాల్లో లాటిన్‌తో పాటు తమిళం ఉంది, తెలుగూ ఉంది. అంటే ఈ దేశపు రైళ్ళకు కాలం చెప్పిన చోట మన అక్షరాలున్నాయి. కాలేజీ రోడ్డున రోజూ వెళ్ళే తెలుగువాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఈ ప్రశ్నతో నాకు తరవాత పని పడింది. అందుకే ముందుగా చెబుతున్నాను.

మదరాసు టైము గ్రీనిచ్ కంటె సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలైంది. అది గ్రీనిచ్ కంటె 5 గంటల 30 నిమిషాలు ముందు. అలా మదరాసు గడియారాలు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. కొత్త కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. మదరాసు తన కాలాన్ని గోదావరి తీరానికి అప్పగించిందని మా నాన్నగారు నవ్వుతూ అనేవారు. కలకత్తా, బొంబాయి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. బొంబాయిలో పాత కాలం 1955 దాకా వాడుకలో ఉంది.

ఇక గడియారాల సంగతి. మొదటిది తాతగారి జేబు గడియారం. ఆయన నెల్లూరు నుంచి వచ్చి మదరాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో గుమాస్తాగా చేరారు. గడియారం డయలు మీద పి. ఓర్ అండ్ సన్స్, మదరాస్ అని ఉంది. ఈ కంపెనీ 1849 నాటిది. మౌంట్ రోడ్డు మీద దాని భవనం 1870లలో లేచింది. గీసినవాడు రాబర్ట్ చిషోమ్. గోపురం మీది గడియారాన్ని వేధశాలతో తీగ ద్వారా కలిపారు. దారిన పోయేవాళ్ళు జేబులోంచి గడియారం తీసి దాన్ని చూసి సరిచేసుకునేవారట. డయలు మీద కంపెనీ పేరున్నా లోపలి యంత్రం విదేశాల్లో తయారైనదే. ఆ కాలంలో పెద్ద దుకాణాలన్నిటి పద్ధతీ అదే. 2011లో మెట్రో రైలు పనుల కోసం ఆ ఆవరణలో వెనుక కట్టడం కొంత కూల్చారు. ముందరి భవనం, గోపురం మిగిలాయి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ప్రశ్న ఊరికి కూడా తప్పలేదు.

తాతగారి గడియారం వెనుక మూత మీద నాలుగు తెలుగు అక్షరాలు, వాటి కింద ౧౯౨౪ అని తెలుగు అంకెలు చెక్కించి ఉన్నాయి. ఆయన పేరు, కొన్న సంవత్సరం.

రెండోది పెదనాన్నగారి వెస్టెండ్ వాచీ, సవార్ ప్రైమా. వెస్టెండ్ వారిది బొంబాయిలో స్థిరపడిన స్విస్ వ్యాపారం. సవార్ అంటే గుర్రపు రౌతు. మొదటి ప్రపంచయుద్ధంలో మన సైనికులు వాడిన వాచీల్లో ఆ కంపెనీవి ఉన్నాయి. పెదనాన్నగారు రెండో యుద్ధంలో పని చేశారు. ఎక్కడ చేశారో, వాచీ ఎక్కడ కొన్నారో చెప్పగలవాళ్ళు ఇప్పుడు లేరు. ఆయనకు పిల్లలు లేరు. దాని అంకెల మీద ఒకప్పుడు చీకట్లో మెరిసిన రంగు ఉంది. ఆనాటి రంగుల్లో రేడియం కలిపేవారు. మెరుపు కొన్నేళ్ళకే పోతుంది, రేడియం పోదు. అది సగం తరగడానికే 1600 ఏళ్ళు పడుతుంది. ఇలాంటి వాచీ మీ ఇంట్లో ఉంటే మూత తీసి గీకవద్దు, పిల్లల చేతికివ్వవద్దు.

మూడోది ఫేవర్ ల్యూబా. 1962లో మా అమ్మ పుట్టింటివారు నాన్నగారికి పెళ్ళిలో పెట్టినది. అల్లుడికి వాచీ పెట్టడం మనవాళ్ళ ఆచారం. కొన్ని ఇళ్ళలో ఆ వాచీ దగ్గరే అలకలు మొదలయ్యేవి. విదేశీ మారకం కరువై దిగుమతులు బిగించిన తరవాత స్విస్ వాచీలు దొరకడం కష్టమైంది, దొంగచాటు సరుకు పెరిగింది. బర్మా నుంచి తిరిగివచ్చిన వారి బ్రతుకుతెరువు కోసం 1969లో బీచ్ స్టేషన్ ఎదుట వెలసిన బర్మా బజారు విదేశీ సరుకులకు పేరు పడింది. ఒక తరం చెన్నపట్నం వాళ్ళకు విదేశీ వాచీ అంటే బర్మా బజారే.

నాలుగోది హెచ్.ఎం.టి. జనతా. విదేశీ వాచీల మీద ఆధారపడకుండా ఉండాలని ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఎం.టి., జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. రోజూ కీ ఇవ్వాలి. లోపల చక్రం సెకనుకు అయిదుసార్లు ఊగుతుంది. నాన్నగారు తన సొంత డబ్బుతో కొనుక్కున్నది ఇదొక్కటే. పెళ్ళి వాచీ పండగలకు, ఇది ఆఫీసుకు.

1969 చివర జపాన్‌లో సైకో కంపెనీ క్వార్ట్జ్ వాచీ అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో క్వార్ట్జ్ పలుకు సెకనుకు 8,192 సార్లు అదిరే ఈ వాచీకి కీ అక్కరలేదు, టైములో తేడా చాలా తక్కువ. టాటావారు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో టైటాన్ స్థాపించి హోసూరులో ఫ్యాక్టరీ పెట్టారు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఆ ఊరు వాచీల ఊరయింది. హెచ్.ఎం.టి. వెనకబడింది. దాని వాచీల సంస్థను మూసెయ్యాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ తరవాతే ఎవరూ కొనని జనతాలకు గిరాకీ పెరగడం విచిత్రం.

మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, చెల్లెలు హోసూరులో. తమ్ముడి మాట సూటిగా ఉంది: “అన్నయ్యా, నా పిల్లలు ఫోనులో టైము చూసుకుంటారు. ఆ అక్షరాలు వాళ్ళకు చదవడం రాదు. అన్నీ అమ్మేసి మూడు వాటాలు వేద్దాం.” ఇందులో అన్యాయమేమీ లేదు. వాచీలు మగపిల్లలకే అనే వాడుక మన ఇళ్ళలో ఉన్నా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతురికీ సమభాగమే. అమ్మితే మూడు వాటాలు తేలిగ్గా పడతాయి. వాచీని మూడు ముక్కలు చెయ్యలేం.

ఒకప్పుడైతే ఇలాంటివి మూర్ మార్కెట్‌కు చేరేవి. 1900లో తెరిచిన ఆ ఎర్ర భవనంలో మదరాసు ఇళ్ళ పాత పుస్తకాలు, గ్రామఫోన్లు, గడియారాలు చేతులు మారేవి. 1985 మే 30న అది కాలిపోయింది. ఇప్పుడు ఆ చోట లోకల్ రైళ్ళ స్టేషనుంది. నేను నాలుగింటినీ ఒక పాత వాచీల వ్యాపారికి చూపించాను. ఆయన చెప్పినవి మూడు మాటలు. వెస్టెండ్ డయలు అసలుది, ఎవరూ ముట్టుకోలేదు, సేకరించేవాళ్ళు వెంటనే కొంటారు. ఫేవర్ ల్యూబా డయలుకు ఎప్పుడో కొత్త రంగు వేయించారు కాబట్టి దానికి విలువ తక్కువ. జేబు గడియారం మంచిదే గాని వెనుక రాత అడ్డం. “ఆ రాత అరగదీయించండి సార్, ధర పెరుగుతుంది.”

ఆ మాటతో నా సందేహం తీరింది. ఆ రాతకు ఆయన లెక్కలో విలువ లేకపోవడమే కాదు, అది ధరను తగ్గిస్తోంది. మన లెక్కలో ఆ గడియారమంతా ఆ రాతే. తమిళుల మధ్య, ఇంగ్లీషు కాగితాల మధ్య పని చేసిన ఒక గుమాస్తా, తన జీతంలో మిగిల్చి కొన్న వస్తువు మీద తన భాషలో, తన అంకెల్లో పేరు చెక్కించుకున్నాడు. తెలుగు అంకెలు మనమే వాడడం మానేశాం. నుంగంబాకం శాసనంలో తెలుగును ఎవరూ అరగదీయలేదు, ఎవరూ చదవడమూ లేదు. ఇంట్లో కూడా అదే జరగనివ్వడమా?

అప్పుడు నాకు తోచిన సూత్రం ఇది. మనకంటే బజారు ఎక్కువ విలువ కట్టే వస్తువును అమ్మవచ్చు. బజారు విలువ కట్టలేని వస్తువును మనమే ఉంచుకోవాలి, ఎందుకంటే దాన్ని కాపాడేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

ఆ ప్రకారమే చేశాం. వెస్టెండ్‌ను అమ్మాం. దాని గురించి మాకు తెలిసినది తక్కువ, కొన్నవారికి తెలిసినది ఎక్కువ. వచ్చిన డబ్బులో ముందు మిగిలిన మూడింటికీ నూనె మార్పించి, తక్కినది మూడు వాటాలు వేశాం. ఫేవర్ ల్యూబా చెల్లెలు తీసుకుంది. “అమ్మ పుట్టింటి వాచీ, నాకే రావాలి” అంది. రంగు వేసిన డయలు ఆమెకు అడ్డం కాలేదు. జనతా నా చేతికుంది. రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. జేబు గడియారాన్ని తమ్ముడి పేర రాశాం. ఇలా చేద్దామన్నది చెల్లెలే. అయితే అది ఇక్కడే ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. విదేశానికి తీసుకుపోవాలంటే ముందుగా పురావస్తు శాఖను అడగాలి. తమ్ముడు కొంత గొణిగి, ఆ మూత ఫొటో పంపమన్నాడు. పంపాను. నాలుగు అక్షరాలేమిటో, ఆ అంకెలేమిటో విడమరిచి కింద రాసి పంపాను. పిల్లలకు చెప్పాడో లేదో నేను అడగలేదు.

మీ బీరువాలో ఇలాంటిది ఉంటే మూడు పనులు చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అది ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది అని ఒక కాగితం మీద రాసి దానితో పాటే ఉంచండి. మా పెదనాన్నగారి వాచీకి ఆ కాగితం లేకపోయింది. రెండు, మెరుగు పెట్టించవద్దు, రంగు వేయించవద్దు. దానివల్ల బజారు విలువా పోతుంది, గుర్తులూ పోతాయి. మూడు, ఉంచుకోవాలనుకుంటే ఎవరు కీ ఇస్తారో ముందే తేల్చుకోండి. లోపలి నూనె ఎండిపోతుంది, అయిదేళ్ళకొకసారైనా చూపించాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లో లేకపోతే, ఉన్నవాళ్ళకు అమ్మడంలో తప్పులేదు.